“ఇక్కడే నిలబడండి”: గెటిస్‌బర్గ్‌లో ఒక వాలంటీర్ ఫిరంగి దళం కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక ఫోటోతో మొదలుపెడదాం.

స్క్రీన్ మీద చూడండి. బ్లాక్ అండ్ వైట్ ఫోటో. 1863 జూలై మొదటి వారంలో తీసింది. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక రైతు ఇల్లు. ఇంటి ముందు కంచె. ఆ కంచె దగ్గర, వాకిట్లో, దారిలో ఎక్కడ చూసినా చచ్చిపడిన గుర్రాలే. మనుషులు కనిపించరు. తీసింది టిమోతీ ఓసల్లివన్ అనే ఫోటోగ్రాఫర్. ఇల్లు ట్రోసల్ అనే రైతుది.

ఒక రైతు వాకిట్లో ఇన్ని గుర్రాలు ఎందుకు చచ్చిపడి ఉన్నాయి? ఆ గుర్రాలు ఎవరివి? వాటిని తోలుకొచ్చిన మనుషులు ఏమయ్యారు? ఈరోజు కథ అదే. అంతకుముందు ఒక్కసారి కూడా యుద్ధం చూడని సుమారు 100 మంది వాలంటీర్ల కథ. వాళ్ల దళం పేరు 9వ మసాచుసెట్స్ బ్యాటరీ.

బ్యాటరీ అంటే మన ఫోన్‌లో ఉండేది కాదండోయ్. సైన్యంలో ఫిరంగుల దళాన్ని బ్యాటరీ అంటారు.

ముందు రెండు ముక్కల్లో బ్యాక్‌గ్రౌండ్ చెప్పేస్తాను. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. బానిసత్వం మీద బతికే దక్షిణాది రాష్ట్రాలు 11 కలిసి, మేం ఈ దేశంలో ఉండం, వేరే దేశం పెట్టుకుంటాం అన్నాయి. వాళ్లను కాన్ఫెడరేట్లు అంటారు. కుదరదు, దేశం ఒక్కటిగానే ఉండాలి అన్నది లింకన్ ప్రభుత్వం. వాళ్లది యూనియన్ సైన్యం. నాలుగేళ్లలో 6 లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. యుద్ధాల్లో కంటే రోగాలతో పోయినవాళ్లే ఎక్కువ.

యుద్ధం మొదలైనప్పుడు అమెరికాకు ఉన్న రెగ్యులర్ సైన్యం 16 వేల మంది చిల్లర. అంతే. మరి లక్షల మంది ఎక్కణ్నుంచి వచ్చారు? వాలంటీర్లు. దుకాణాల్లో పనిచేసేవాళ్లు, రైతులు, చేతిపనివాళ్లు, కాలేజీ కుర్రాళ్లు. 1862 జూలైలో, మూడేళ్లు పనిచేయడానికి ఇంకో 3 లక్షల మంది కావాలని లింకన్ పిలుపిచ్చాడు. ఆ వేసవిలోనే మసాచుసెట్స్‌లో పుట్టింది మన 9వ బ్యాటరీ.

ఇప్పుడు ఒక చిన్న టెక్నికల్ విషయం. ఇది అర్థమైతేనే కథలో ఏం జరిగిందో అర్థమవుతుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

ఈ బ్యాటరీకి 6 ఫిరంగులు. నెపోలియన్ అని పిలిచే రకం. కంచుతో పోసిన గొట్టం, ఒక్కొక్కటి 550 కిలోల పైమాటే. గుండు బరువు ఐదున్నర కిలోలు. ఒక్కో ఫిరంగిని లాగడానికి 6 గుర్రాలు. మందుగుండు బండ్లకు వేరే గుర్రాలు. అంటే గుర్రం లేకపోతే ఫిరంగి కదలదు. అందుకే ఎదుటివాళ్లు మనిషి కంటే ముందు గుర్రాన్ని కాలుస్తారు. ఆ ఫోటోలో సగం జవాబు ఇదే.

ఇక ఫిరంగి పేల్చడం ఒక్కడి పని కాదు. ఒకడు తడి బ్రష్‌తో గొట్టం లోపల నిప్పురవ్వ లేకుండా తుడవాలి. ఒకడు మందుగుండు తెచ్చి పెట్టాలి. ఇంకొకడు కర్రతో లోపలికి దట్టించాలి. దట్టించేటప్పుడు వెనకవైపున్న చిన్న రంధ్రాన్ని మరొకడు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో గట్టిగా మూసి ఉంచాలి. వాడు ఒక్క క్షణం వేలు తీస్తే, లోపల మిగిలిన నిప్పు రాజుకుని మందు పేలిపోవచ్చు. ముందు నిలబడి దట్టిస్తున్నవాడి చేతులు పోతాయి. అంటే ఒకడి ప్రాణం ఇంకొకడి బొటనవేలి మీద ఆధారపడి ఉందన్నమాట!

మరి అలాంటి పనికి ప్రాక్టీస్ ఎంత కావాలో ఊహించుకోండి. 9వ బ్యాటరీకి మొదట్లో ఆ ప్రాక్టీస్ సరిగ్గా లేదు. వాషింగ్టన్ నగరానికి కాపలా కాసే కోటల దగ్గర వాళ్లను పెట్టారు. యుద్ధం వేరే చోట జరుగుతోంది. 1863 ఫిబ్రవరిలో కొత్త కెప్టెన్ వచ్చాడు. పేరు జాన్ బిగెలో. వయసు 22 ఏళ్లు. హార్వర్డ్‌లో చదువుతుండగా యుద్ధం వచ్చి సైన్యంలో చేరినవాడు. 1862లో మాల్వర్న్ హిల్ యుద్ధంలో గాయపడి, కోలుకుని మళ్లీ వచ్చినవాడు.

ఈయన వచ్చీరాగానే డ్రిల్లు మొదలుపెట్టాడు. పొద్దున డ్రిల్లు, సాయంత్రం డ్రిల్లు. చిన్న తప్పుకి కూడా శిక్ష. ఎన్‌సీసీ క్యాంప్‌కి వెళ్లొచ్చినవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ. కుర్రాళ్లకు ఆయనంటే అస్సలు పడలేదు. మేం ఇష్టపడి వచ్చిన వాలంటీర్లం, మమ్మల్ని ఇలా చూస్తాడేంటి అనే కోపం. బెత్తం పట్టుకున్న లెక్కల మాస్టారిని చూసినట్టు చూసేవాళ్లు.

ఆ దళంలో చార్ల్స్ రీడ్ అని ఒక కుర్రాడు ఉన్నాడు. బ్యూగ్లర్. అంటే బూర ఊదేవాడు. కెప్టెన్ ఆర్డర్ నోటితో అరిస్తే ఆ మోతలో ఎవరికీ వినపడదు కాబట్టి, బూరతో సిగ్నల్ ఇవ్వాలి. ఎప్పుడూ కెప్టెన్ పక్కనే ఉండాలి. ఇతనికి బొమ్మలు వేసే అలవాటు. ఇంటికి రాసే ఉత్తరాల్లో కూడా బొమ్మలు గీసేవాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాడు.

1863 జూన్ చివర్లో కాన్ఫెడరేట్ జనరల్ రాబర్ట్ లీ తన సైన్యంతో ఉత్తరాదిలోకి చొచ్చుకొచ్చాడు. అందుబాటులో ఉన్న దళాలన్నిటికీ కదలమని ఆర్డర్. 9వ బ్యాటరీ కూడా బయలుదేరింది. వారం రోజులు ఎండలో, దుమ్ములో, వానలో నడక. జూలై 2న గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరికి చేరారు. అక్కడ యుద్ధం అప్పటికే ఒక రోజు నుంచి నడుస్తోంది.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. 9వ బ్యాటరీ చేసిన తప్పు కాదు. చాలా పైన ఉన్న ఒకాయన చేసిన తప్పు.

యూనియన్ సైన్యం ఒక గుట్టల వరసని పట్టుకుని నిలబడింది. మంచి జాగా. ఆ వరసలో ఎడమవైపు భాగాన్ని జనరల్ డేనియల్ సికిల్స్‌కి అప్పజెప్పారు. ఈయన పెద్ద రాజకీయ నాయకుడు, కాంగ్రెస్ సభ్యుడిగా చేసినవాడు. తనకిచ్చిన జాగా పల్లంలో ఉంది, ముందున్న పీచ్ తోట మిట్ట మీద ఉంది, అదే నయం అనుకున్నాడు. పైనుంచి ఆర్డర్ లేకుండానే తన 10 వేల మందిని తీసుకుని ముందుకు జరిగిపోయాడు. దాంతో ఏమైంది? వరసలో పెద్ద ఖాళీ. ముందుకు పొడుచుకొచ్చిన ఆ మూలని శత్రువు రెండు వైపుల నుంచీ కొట్టొచ్చు. కమాండింగ్ జనరల్ మీడ్ వచ్చి చూసేసరికి, వెనక్కి వెళ్లే టైమ్ దాటిపోయింది. కాల్పులు మొదలైపోయాయి.

ఆ మూలని కాపాడటానికి రిజర్వ్‌లో ఉన్న ఫిరంగుల్ని పరుగులు పెట్టించారు. వాటిలో ఒకటి మన 9వ బ్యాటరీ. మొట్టమొదటి యుద్ధం. పీచ్ తోట పక్కన రోడ్డు మీద 6 ఫిరంగులు నిలబెట్టి కాల్చడం మొదలుపెట్టారు.

మొదట్లో బాగానే నడిచింది. నెలల తరబడి తిట్టుకుంటూ చేసిన డ్రిల్లు ఇప్పుడు చేతుల్లోంచి తన్నుకొచ్చింది. తుడవడం, దట్టించడం, పేల్చడం. మనసు భయపడుతున్నా చేతులకు పని తెలుసు. దక్షిణ కెరొలినా బ్రిగేడ్ ఒకటి వాళ్ల ముందుగా దాటుతుంటే గట్టిగా దెబ్బకొట్టారు.

కానీ సాయంత్రమయ్యేసరికి పీచ్ తోట దగ్గరున్న యూనియన్ లైన్ కుప్పకూలింది. పక్కనున్న దళాలు వెనక్కి పోతున్నాయి. 9వ బ్యాటరీ ఒంటరైపోయింది. ఆ బ్రిగేడ్ ఫిరంగులకు పై అధికారి కల్నల్ ఫ్రీమన్ మెక్‌గిల్వరీ. సైన్యానికి రాకముందు ఓడ కెప్టెన్‌గా పనిచేసిన మనిషి. ఆయన వచ్చి వెనక్కి జరగమన్నాడు.

మామూలుగా అయితే ఫిరంగుల్ని గుర్రాల బండికి తగిలించి లాక్కుపోవాలి. కానీ అలా తగిలించే ఆ కొద్ది సేపు కాల్పులు ఆగిపోతాయి. ఆగితే శత్రువు వచ్చి మీద పడతాడు. అప్పుడు బిగెలో ఏం చేశాడంటే, ఫిరంగి వెనక భాగాన్ని పొడవాటి తాడుతో గుర్రాల బండికి కట్టించాడు. పేల్చిన ప్రతిసారీ ఫిరంగి తన దెబ్బకి తానే వెనక్కి తన్నుకుంటుంది కదా, ఆ ఊపులోనే గుర్రాలు తాడు బిగించి కొంచెం లాగుతాయి. మళ్లీ దట్టించడం, మళ్లీ పేల్చడం, మళ్లీ వెనక్కి. ఇలా కాలుస్తూ కాలుస్తూనే సుమారు 400 గజాలు వెనక్కి వచ్చారు. ట్రోసల్ ఇంటి దగ్గర పొలం మూలకి చేరారు. మనం ఫోటోలో చూసిన ఇల్లు అదే.

వెనక రాతి గోడ. గోడకి ఒక ఇరుకు గేటు. ఆ గేటు దాటితే బతికిపోయినట్టే. ఫిరంగుల్ని బండ్లకు తగిలించమని చెప్పబోతున్నాడు. అంతలో మెక్‌గిల్వరీ మళ్లీ గుర్రం మీద వచ్చాడు.

ఆయన చెప్పింది ఇది. మీ వెనక కొండ దాకా మన సైన్యం అన్నవాడే లేడు. పెద్ద ఖాళీ. నేను వెళ్లి దొరికిన ఫిరంగుల్ని పోగేసి ఒక వరస కడతాను. అప్పటిదాకా ఏమైనా సరే, మీరు ఇక్కడే నిలబడి వాళ్లను ఆపాలి.

ఒక్క నిమిషం ఆగి ఈ ఆర్డర్ గురించి ఆలోచించండి. మిమ్మల్ని కాపాడటానికి వస్తాను అని ఆయన చెప్పలేదు. మీరు పోయినా పర్లేదు, కాస్త టైమ్ కొని పెట్టండి అన్నాడు. అదీ, ఇంకెవరో చేసిన తప్పు వల్ల ఏర్పడిన ఖాళీ కోసం. 22 ఏళ్ల కుర్రాడు తన కంటే అటూ ఇటూ వయసున్న 100 మందికి ఆ మాట చెప్పాలి.

చెప్పాడు. ఫిరంగుల్ని అర్ధచంద్రాకారంలో ఆ మూలలో పెట్టించాడు. పరుగెత్తే పని లేకుండా మందుగుండు అంతా దించి ఫిరంగుల పక్కనే పేర్పించాడు. ముందు చిన్న మిట్ట అడ్డం ఉంది. మిట్ట దాటి తలలు కనిపించేసరికి శత్రువు బాగా దగ్గరికి వచ్చేసి ఉంటాడు. వచ్చింది 21వ మిసిసిపీ రెజిమెంట్. కల్నల్ బెంజమిన్ హంఫ్రీస్ దాని నాయకుడు.

అంత దగ్గర్లో గుండు పనికిరాదు. కేనిస్టర్ వాడతారు. అంటే రేకు డబ్బాలో 27 ఇనుప గోళీలు. ఫిరంగి పేలగానే డబ్బా చీలి గోళీలన్నీ చెదురుతాయి. దాని ముందు నిలబడ్డ మనుషుల గురించి నేను వర్ణించను. వాళ్లు కూడా ఎవరో తల్లుల బిడ్డలే. పడుతూనే వచ్చారు, వస్తూనే ఉన్నారు. పక్కలకు చుట్టి గుర్రాల్ని కాల్చారు. బండ్ల మీదికి ఎక్కారు. ఫిరంగుల మధ్యలో చేతులతో, దట్టించే కర్రలతో కొట్టుకున్నారు.

బిగెలోకి రెండు బులెట్లు తగిలి గుర్రం మీంచి పడిపోయాడు. లెఫ్టినెంట్ క్రిస్టఫర్ ఎరిక్సన్ అక్కడే చనిపోయాడు. లెఫ్టినెంట్ అలెగ్జాండర్ విటేకర్ గాయపడి తర్వాత చనిపోయాడు. నలుగురు ఆఫీసర్లలో దెబ్బ తగలనిది ఒక్క లెఫ్టినెంట్ రిచర్డ్ మిల్టన్‌కే. ఆయన 2 ఫిరంగుల్ని బయటికి తీశాడు. ఒకటి గేటులో తిరగబడితే లేపి నిలబెట్టి లాక్కుపోయారు. ఇంకొకటి గోడ రాళ్లమీంచే దాటించారు. మిగతా 4 ఫిరంగులు శత్రువు చేతికి చిక్కాయి. లాగడానికి గుర్రాలు లేవు. 88 గుర్రాల్లో 80 దాకా చచ్చిపోవడమో, పనికిరాకుండా పోవడమో జరిగిందని చరిత్రకారులు రాస్తారు. మనుషుల్లో 104 మందికి 28 మంది చనిపోవడం, గాయపడటం, కనిపించకుండా పోవడం.

నేల మీద పడి ఉన్న బిగెలో, వెనక వరస సిద్ధమైందని చూశాక, మిగిలినవాళ్లను వెళ్లిపొమ్మన్నాడు. ఇప్పుడు మన బ్యూగ్లర్ చార్ల్స్ రీడ్ దగ్గరికి వద్దాం.

నన్ను వదిలేసి నువ్వు ప్రాణం దక్కించుకో అని కెప్టెన్ ఆర్డర్ వేశాడు. నెలల తరబడి క్రమశిక్షణ నేర్పిన మనిషి ఆర్డర్. రీడ్ ఆ ఒక్క ఆర్డర్ పాటించలేదు. కెప్టెన్‌ని ఒక గుర్రం మీదికి ఎక్కించాడు. ఒక చేత్తో ఆ గుర్రం కళ్లెం, ఇంకో చేత్తో కెప్టెన్ పడిపోకుండా పట్టుకుని నడిపించాడు. పరుగు పెట్టిస్తే గాయాలతో ఉన్న మనిషి తట్టుకోలేడు కాబట్టి నెమ్మదిగా నడకే.

వెనకాల మిసిసిపీ వాళ్లు. ఎదురుగా మెక్‌గిల్వరీ పెట్టిన కొత్త ఫిరంగులు, కాల్చడానికి రెడీగా. మధ్యలో వీళ్లిద్దరు. మెయిన్ రాష్ట్రం బ్యాటరీ నుంచి ఒక ఆఫీసర్ వచ్చి త్వరగా రండి, మేం కాల్చాలి అన్నాడు. త్వరగా రాలేను, మీరు కాల్చుకోండి అన్నాడు బిగెలో. కాల్చారు. తమ వాళ్ల ఫిరంగుల కాల్పుల మధ్యలోంచే రీడ్ తన కెప్టెన్‌ని నడిపించుకుని వచ్చేశాడు.

మరి ఆ త్యాగం వల్ల పని అయిందా? అయింది. 9వ బ్యాటరీ కొనిపెట్టిన ఆ కాసిన్ని నిమిషాల్లో మెక్‌గిల్వరీ ప్లమ్ రన్ అనే వాగు వెనక ఫిరంగుల వరస కట్టాడు. ఆ వరస వెనక యూనియన్ పటాలాలు వచ్చి చేరాయి. చీకటి పడేసరికి కాన్ఫెడరేట్లు వెనక్కి తగ్గారు. పోయిన 4 ఫిరంగులు కూడా మళ్లీ దొరికాయి. ఆ రోజు గెలిచింది ఈ ఒక్క బ్యాటరీ వల్లే అంటే అది అతిశయోక్తి. అదే సాయంత్రం ఇంకా చాలా దళాలు ఇలాగే అడ్డం పడ్డాయి. 1వ మినెసోటా పటాలం అయితే చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. కానీ ఆ మూలలో ఆ నిమిషాలు మాత్రం వీళ్లవే.

మర్నాడు జూలై 3న కూడా మిల్టన్ మిగిలిన 2 ఫిరంగులతో లైన్‌లో నిలబడ్డాడు. ఆ రోజుతో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిసింది. లీ వెనుదిరిగాడు. బ్యాటరీ మళ్లీ మనుషుల్ని, గుర్రాల్ని చేర్చుకుని 1865లో యుద్ధం ముగిసేదాకా పనిచేసింది.

ఇప్పుడు ఎవరెవరు ఏమయ్యారో చూద్దాం. కథ అసలు రంగు ఇక్కడ తెలుస్తుంది.

మెక్‌గిల్వరీ గెటిస్‌బర్గ్‌లో అన్ని బులెట్ల మధ్య తిరిగి కూడా బతికాడు. మరుసటి ఏడాది వేలికి చిన్న గాయమైంది. ఆపరేషన్‌కి మత్తు ఇస్తే, ఆ క్లోరోఫామ్‌తోనే చనిపోయాడు.

జనరల్ సికిల్స్‌కి అదే సాయంత్రం ట్రోసల్ గాదె దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు పోయింది. ఆ కాలి ఎముకని మ్యూజియంకి పంపించాడు. తర్వాత తానే వెళ్లి చూసుకునేవాడు కూడా. ఇప్పటికీ ఆ ఎముక మేరీల్యాండ్‌లోని సైనిక వైద్య మ్యూజియంలో ఉంది. తాను చేసింది తప్పు కాదని చచ్చేదాకా వాదించాడు. 1897లో ఆయనకి మెడల్ ఆఫ్ ఆనర్ కూడా వచ్చింది.

అటువైపు 21వ మిసిసిపీ కల్నల్ హంఫ్రీస్? యుద్ధం ఓడిపోయిన 1865లోనే మిసిసిపీకి గవర్నర్ అయ్యాడు. ఆయన హయాంలోనే బ్లాక్ కోడ్స్ అనే చట్టాలు వచ్చాయి. విడుదలైన నల్లజాతి వాళ్లను మళ్లీ కట్టి పడేసే చట్టాలు. ఆ పొలం మూలలో తలపడిన రెండు పక్షాల మధ్య అసలు గొడవ దేని గురించో మర్చిపోకుండా ఉండటానికి ఈ ఒక్క విషయం చాలు. ఇద్దరూ ధైర్యంగానే పోరాడారు. కానీ పోరాడింది ఒకే విషయం కోసం కాదు.

ఇక చార్ల్స్ రీడ్. 1895లో, అంటే 32 ఏళ్ల తర్వాత అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. కానీ రీడ్‌ని చరిత్రలో నిలబెట్టింది మెడల్ ఒక్కటే కాదు. 1887లో జాన్ బిల్లింగ్స్ అనే ఇంకో ఫిరంగి సైనికుడు ‘హార్డ్‌టాక్ అండ్ కాఫీ’ అనే పుస్తకం రాశాడు. మామూలు సైనికులు ఏం తిన్నారు, ఎలా పడుకున్నారు, ఎలా శిక్షలు పడ్డారు అని రాసిన పుస్తకం. దానికి బొమ్మలు వేసింది రీడే. ఈరోజు అంతర్యుద్ధం సైనికుడి రోజువారీ బతుకు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే, ముందుగా చూసేవాటిలో ఆ బొమ్మలు ఉంటాయి.

ఈ కథని చాలామంది క్రమశిక్షణ గొప్పది అని చెప్పడానికి వాడతారు. అది నిజమే. ఆ డ్రిల్లు లేకపోతే తాడు కట్టి కాలుస్తూ వెనక్కి రావడం జరిగేది కాదు. కుర్రాళ్లు తిట్టుకున్న కెప్టెన్‌నే చివరికి గౌరవించారు.

కానీ నాకు ఇంకో సగం కూడా ముఖ్యం. పైవాడు తప్పు చేశాడు, కిందివాడు మూల్యం చెల్లించాడు. మెడల్ ఇద్దరికీ వచ్చింది. ఇది 1863తోనే ఆగిపోలేదు. ఆఫీసుల్లో, ప్రాజెక్టుల్లో, ప్రభుత్వాల్లో రోజూ చూస్తూనే ఉంటాం. అందుకే ఎవరైనా త్యాగాన్ని పొగుడుతుంటే, ఆ త్యాగం చేయాల్సిన అవసరం అసలు ఎందుకొచ్చింది అని కూడా అడగాలి. అడిగితే చనిపోయినవాళ్ల గౌరవం తగ్గదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. వాషింగ్టన్, వర్జీనియా వైపు ఉంటే గెటిస్‌బర్గ్ రెండు గంటల లోపు ప్రయాణమే. చాలామంది వెళ్లి పెద్ద పెద్ద విగ్రహాల దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ట్రోసల్ ఫామ్ దగ్గర ఆగండి. ఇటుకల గాదె గోడకి ఫిరంగి గుండు పెట్టిన కన్నం ఇప్పటికీ ఉంది. అక్కడే రోడ్డు పక్కన 9వ బ్యాటరీ స్మారకం ఉంటుంది. మందుగుండు పెట్టె ఆకారంలో చెక్కిన చిన్న రాయి. ఆ రాయి దగ్గర నిలబడి, మొదట మనం చూసిన ఫోటోని ఫోన్‌లో తెరిచి చూడండి.

మీకు ఆ ఆర్డర్ వచ్చి ఉంటే బిగెలో స్థానంలో ఏం చేసేవాళ్లు? రీడ్ స్థానంలో అయితే? కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.